పుండుకి కారణం, ఆడదానికి నింద

దర్శిలో మా పెద్దమ్మకి బుగ్గలోపల లేచిన పుండు క్యాన్సరని తేలాక, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ అడిగింది ఒకటే. "ఎందుకొచ్చింది?" మిరపకాయల కోతల్లో ఆకలి తెలియకుండా ఆమె బుగ్గన పెట్టుకున్న పొగాకు కాడే ఆమె నేరమైపోయింది. చుట్టూ పొగాకు పండించి అమ్ముకునే వ్యాపారాన్ని మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

"వైరస్ వల్ల కూడా వస్తుందట కదా?" అని మా చెల్లెలి కూతురు అడిగింది. నిజమే. హెచ్.పి.వి. 16వ రకం వైరస్, కణాల పెరుగుదలని అదుపులో ఉంచే ప్రొటీన్లని పనిచేయనివ్వదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి ఈ కుటుంబపు వైరస్‌లు కారణమని కనుగొన్నందుకే హెరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ వచ్చింది. ఈ 16వ రకమే టాన్సిల్స్‌లో, నాలుక మొదట్లో కూడా క్యాన్సర్ తెస్తుంది. అమెరికాలో అలాంటి క్యాన్సర్లు మగవాళ్ళకే ఎక్కువ. మన దగ్గర బుగ్గకీ చిగుళ్ళకీ వచ్చేవాటికి మాత్రం ఇప్పటికీ ప్రధాన కారణాలు పొగాకు, వక్క. శ్రీకాకుళం వైపు అడ్డపొగ తాగే స్త్రీలకి అంగిట్లో క్యాన్సర్ రావడాన్ని వైద్యులు దశాబ్దాల కిందటే గమనించారు.

నా భయం వైరస్ గురించి కాదు. అది ఎక్కువగా లైంగిక సంబంధాల ద్వారా సోకుతుందని తెలిశాక మన ఇళ్ళలో పుట్టే ప్రశ్న గురించి. భర్త తప్ప మరొకరిని ఎరగని స్త్రీకీ ఇది సోకుతుంది. చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకి, తెలియకుండానే పోతుంది. అయినా శీలపరీక్ష ఆమెకే.

నివారణ భారమూ ఆడపిల్లల మీదే పెట్టాం. 2009లో ఖమ్మం జిల్లాలో ఒక ప్రాజెక్టు కింద పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి ఈ టీకా వేశారు. వాళ్ళలో చాలామంది హాస్టళ్ళలో ఉన్న గిరిజన పిల్లలు. తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన చోట వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో ఆ ప్రాజెక్టుని ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా పనిచేస్తుందనడానికి గట్టి రుజువులున్నాయి. కానీ దేనికి వేస్తున్నారో ఆ పిల్లలకి, వాళ్ళ తల్లులకి ఎవరు చెప్పారు? మగపిల్లలకీ పనికొచ్చే టీకా అని ఎందరికి తెలుసు?

కారణం తెలిస్తే వైద్యం సులువవుతుంది. నిందిస్తే రోగం దాక్కుంటుంది. నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోతే డాక్టరుకి చూపించాలి. అందుకు ముందు, "ఏం చేశావు?" అని అడగని ఇల్లు కావాలి.