జావా అంటే ఆ జావా కాదు

ముందే చెప్పేస్తున్నా, ఇది కోడు గురించి కాదు. ఆరేళ్ళుగా జావా రాసుకుని బతుకుతున్నవాణ్ణే అయినా, ఇవాళ చెప్పబోయేది మోటారుసైకిలు జావా గురించి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఒకప్పటి జావా వెనక చక్రానికి అటూ ఇటూ ఉండే రెండు స్ప్రింగు గొట్టాల గురించి. ఓపికుంటే చదవండి.

పోయినేడాది ప్రాజెక్టు పనిమీద కొన్ని నెలలు చెక్ దేశంలోని బ్ర్నోలో ఉన్నాను. మా టీములో యాభై దాటిన ఒకాయన ఉండేవారు. శని, ఆదివారాలొస్తే గరాజ్‌లోనే కాపురం. ఒక పాత జావా ఫ్రేము తెచ్చి బాబర్ కట్టే పనిలో ఉన్నారు. బాబర్‌కి అందమంతా హార్డ్‌టెయిల్‌లో ఉందంటారు. అంటే హ్యాండిల్ దగ్గర్నుంచి వెనక ఇరుసు దాకా గీత గీసినట్టు ఉండాలి, మధ్యలో స్ప్రింగులూ గిస్ప్రింగులూ కనపడకూడదు. అందుకని ఫ్రేము వెనక భాగం కోసేసి కొత్త పైపులు వెల్డింగ్ చెయ్యాలి.

"ఒక్క పది నిమిషాలు పట్టుకుంటావా?" అన్నారు. పట్టుకున్నా. ఆయన గ్రైండర్ పెట్టి కోశారు. రవ్వలు భలే ఎగిరాయి. నేను ముచ్చటపడి వీడియో తీసి నాన్నకి పంపా. ఎందుకంటే మా ఇంట్లో నాన్న జావా ఉంది. ఇండియా వెళ్ళగానే దాన్నీ ఇలాగే చేయిద్దామని నా ప్లాను.

రాత్రి నాన్న ఫోను. "ఆ గొట్టాలేంట్రా? మన బండికి అలా ఉండవే?"

నా దగ్గర సమాధానం లేదు. చదివింది మెకానికల్ ఇంజనీరింగ్! ఆ రాత్రి కూర్చుని చదివా.

దాన్ని ప్లంజర్ సస్పెన్షన్ అంటారు. ఫ్రేముకి వెనక రెండు వైపులా నిలువుగా ఒక్కో కడ్డీ బిగిస్తారు. ఇరుసు చివరలు ఆ కడ్డీల మీద పైకీ కిందికీ జారతాయి. పైన ఒక స్ప్రింగు బరువు మోస్తుంది, కింద ఒకటి చక్రం తిరిగి కిందికి పడేటప్పుడు దెబ్బ ఆపుతుంది. అంతే. అంతకుముందు చాలా బళ్ళకి వెనక సస్పెన్షనే లేదు, ఉన్నదల్లా సీటు కింద స్ప్రింగులు. పాత ఫ్రేముని పెద్దగా మార్చకుండానే తగిలించుకోవచ్చు కాబట్టి కంపెనీలకి ఇది నచ్చింది. బీఎండబ్ల్యూ 1938లో పెట్టింది. 1939లో గియోర్గ్ మయర్ సీనియర్ టీటీ రేసు గెలిచింది ఇలాంటి బీఎండబ్ల్యూ మీదే. అమెరికాలో ఇండియన్ చీఫ్‌కి 1940లో వచ్చింది. యుద్ధం అయ్యాక బీఎస్ఏ అయితే కొన్ని మోడళ్ళకి 'కావాలంటే డబ్బులు కట్టి తీసుకోండి' అని ఆప్షన్‌గా అమ్మింది.

ఇక జావా సంగతి. జర్మన్ల ఆక్రమణలో ఉండగా రహస్యంగా డిజైన్ చేసిన 250 సీసీ బండి 1946లో బయటికొచ్చింది. జనం దానికి పెట్టిన పేరు పేరాక్. ఆక్రమణ రోజుల్లో ప్రాగ్ నగరంలో స్ప్రింగులు కట్టుకుని ఇళ్ళ మీంచి దూకే మనిషొకడు ఉన్నాడని కథలు చెప్పుకునేవారు, అతని పేరే ఇది. వెనక స్ప్రింగులుండటమే అప్పట్లో అంత గొప్ప!

లోపాలు లేవా అంటే బోలెడు. ప్రయాణం మహా అయితే రెండంగుళాలు. చాలావాటికి డాంపర్ లేదు. రెండు వైపులా దేనికది జారుతుంది, మధ్యలో కలిపేది ఇరుసొక్కటే. బుష్‌లు అరిగితే మలుపులో చక్రం ఒరుగుతుంది. చైను గొడవ ఇంకోటి. రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం 500 మి.మీ. అనుకోండి. ఇరుసు సమానమైన ఎత్తు నుంచి నిలువుగా 40 మి.మీ. జరిగితే ఆ దూరం 501.6 అవుతుంది (పైథాగరస్, మరేం లేదు). అంటే చివర్లలో చైను బిగుసుకుంటుంది, దానికోసం మధ్యలో వదులుగా ఉంచాలి. స్వింగ్ ఆర్మ్ కీలు గేర్‌బాక్సు స్ప్రాకెట్‌కి దగ్గర్లో ఉంటుంది కాబట్టి ఈ బాధ చాలా తక్కువ. 1950లో నార్టన్ ఫెదర్‌బెడ్ ఫ్రేము రేసుల్లో దుమ్ము దులిపేసరికి ప్లంజర్ రోజులు దగ్గరపడ్డాయి. 1955లో బీఎండబ్ల్యూ కూడా స్వింగ్ ఆర్మ్‌కి వెళ్ళిపోయింది. జావా 1950ల మధ్యలోనే మారింది. ఆ కొత్త బండికి జనం పెట్టిన పేరు కీవచ్కా, 'ఊగేది' అని. 1961 నుంచి మైసూరులో తయారైంది అదే. అంటే నాన్న బండి, నేను కోస్తుంటే పట్టుకున్న బండికి తర్వాతి వెర్షన్ అన్నమాట!

నాకెక్కడ గుచ్చుకుందంటే, నా ఉద్యోగం కూడా ప్లంజర్ లాంటిదే. పాత సిస్టమ్‌ని కదపకుండా, కొత్తది వచ్చేదాకా బండి నడిపించే పొర ఒకటి రాస్తుంటా. రెండేళ్ళలో పీకేస్తారని తెలిసే రాస్తున్నా. రేపు ఎవడో కుర్రాడు చూసి "ఏ బుర్రలేనివాడు రాశాడ్రా ఇది" అంటాడు. నేనూ ఎన్నిసార్లు అనలేదు! ఆ రోజు రోడ్లు ఎలా ఉన్నాయో, చేతిలో ఏ ఫ్రేము ఉందో వాడికి తెలీదు.

సోమవారం ఆఫీసులో ఆయన్ని అడిగా, అది పేరాక్ అని తెలుసా అని. "తెలుసు. కడ్డీలు వంగిపోయాయి, బుష్‌లు పోయాయి, నెలంతా చూసి కోశాను" అన్నారు. ఆయన తెలిసి కోశారు. నేను తెలీకుండా పట్టుకున్నా, పైగా వీడియో తీశా. నా సిగ్గు దానికి.

అన్నట్టు, 2018లో మన దేశంలో ప్రకటించిన జావా పెరాక్ చూశారా? పేరేమో స్ప్రింగులది, వాలకమేమో హార్డ్‌టెయిల్‌ది, సీటు కింద దాచింది మోనోషాక్. పేరు మిగిలింది, గొట్టాలు పోయాయి.

నా ప్లాను విరమించుకున్నా. కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పిన మాటా ఉందనుకోండి, కానీ కారణం అది కాదు. నాన్నకి ఫోన్ చేసి "మన బండి కొయ్యట్లేదు నాన్నా" అన్నా.

"కోస్తానని ఎప్పుడన్నావురా?" అన్నారు. తర్వాత కాసేపు ఆగి, "స్వింగ్ ఆర్మ్ బుష్‌లు అరిగాయి, మార్పించాలి. డబ్బులు పంపు."

పంపించా.