కార్డు లేని పని

2006-07లో వెనుకబడిన ప్రాంతాల గ్రాంటు నిధి మొదలైనప్పుడు ఆ జాబితాలో మా కరీంనగర్ జిల్లా ఉంది. 2016లో జగిత్యాల, సిరిసిల్ల వేరు జిల్లాలయ్యాయి. పాలన దగ్గరైందన్నారు. నిజమే, కోరుట్ల నుంచి కలెక్టరేటుకు బస్సు చార్జీ తగ్గింది.

ఆ దగ్గరితనం మా ఇంటి గడప దాకా రాలేదు. నా చదువంతా అమ్మ చుట్టిన బీడీల మీదే నడిచింది. ఆమె కోడలై వచ్చేసరికి కొత్త పీఎఫ్ కార్డులు ఇవ్వడం లేదు. పక్కింటి అత్త కార్డు మీదే ఇరవై ఏళ్లు చుట్టింది. 2015లో బీడీ కార్మికులకు వెయ్యి రూపాయల పింఛను వచ్చింది, పీఎఫ్ ఉన్నవాళ్లకే. "గీ ఏళ్లు చూపిస్తె ఇయ్యరా బిడ్డా?" అంది అమ్మ.

సిరిసిల్లలో చిన్నమ్మ మరమగ్గాలకు కండెలు చుడుతుంది. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లతో చేతినిండా పని. 2024లో ఆ చీరలు ఆగితే ఆమె కూలీ ఆగింది. మహిళా సంఘాల చీరల ఆర్డరుతో 2025లో మళ్లీ కండెలు తిరిగాయి. సాంచా నడిపే చిన్నాయన 'నేత కార్మికుడు'. ఆమె మాత్రం 'ఇంటి దగ్గరే ఉంటది'.

ప్రాంతీయ అసమానతల లెక్కలు జిల్లా దగ్గరే ఆగిపోతాయి. నా థీసిస్ కృతజ్ఞతల పేజీలో తప్ప అమ్మ పనికి కాగితం లేదు. పింఛను అత్తకు వస్తోంది. ఆమె మీద నాకే కోపం, అమ్మకు లేదు. ఇద్దరూ ఇప్పటికీ ఒకే అరుగు మీద కూర్చుని ఆకు కత్తిరిస్తారు.