లంబసింగిలో మన కూడిక: లెక్కలూ, ఒక అవ్వ అడిగిన మాటా



సంక్రాంతి సెలవుల్లో లంబసింగి దగ్గర పెట్టుకున్న మన రాసేవాళ్ళ కూడిక ఎలా జరిగిందని రాలేకపోయిన అన్నలూ అక్కలూ అడుగుతూనే ఉన్నారు. లెక్కలు కూడా చెప్పాలి కదా. అందుకే కూర్చుని రాస్తున్నాం. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి. మేము చేసిన తప్పు కూడా ఇందులో ఉంది.

పని నెత్తికెత్తుకున్నది అయిదుగురం. ముగ్గురం అబ్బాయిలం, ఇద్దరం అమ్మాయిలం. అందరం హాస్టళ్ళలో ఉండి డిగ్రీ చదువుతున్నవాళ్ళమే. మా అయిదు ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. రెండేళ్ళుగా మనం ఒకరి రాతలు ఒకరం చదువుకుంటున్నాం గానీ ముఖాలు తెలియవు. ఒక్కసారైనా అందరం ఒకచోట కూర్చోవాలి అనుకున్నాం. అంతే, మొదలైంది.

ఎక్కడ కూర్చోవాలి అంటే మొదట అందరూ వైజాగ్ అన్నారు. హాలు దొరుకుతుంది, బస్సులుంటాయి. మాలో ఒక చెల్లి మాత్రం ఒప్పుకోలేదు. "మన గురించి మాట్లాడుకోడానికి కూడా మనమే కొండ దిగాలా? చలికాలం వస్తే మైదానం అంతా లంబసింగి ఎక్కుతుంది కదా, మనం ఎక్కలేమా?" అంది. ఎవ్వరమూ మాట్లాడలేకపోయాం.

ఏజెన్సీ బయటి మిత్రుల కోసం ఒక మాట. లంబసింగి చింతపల్లి మండలంలో, నర్సీపట్నం నుంచి ఘాట్ ఎక్కి వెళ్ళే దారిలో, సముద్ర మట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆంధ్రా కాశ్మీర్ అంటారు. కాశ్మీర్‌లో గుల్‌మార్గ్‌కి జనం మంచు మీద జారడానికి వెళ్తారు. మా దగ్గర జారేంత మంచు ఉండదు. డిసెంబర్, జనవరిల్లో బాగా చలి పడిన రాత్రులు గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది, తెల్లవారుజామున లోయ నిండా పొగమంచు నిలుస్తుంది. అది చూడ్డానికే చీకటితో కార్లు బారులు తీరతాయి. ఆ ఊరికి ఇంకో పేరుంది, కొర్రబయలు. బయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు కాశ్మీర్ అన్నారు, ఆ చలిలో బతికినవాళ్ళు కొర్రబయలు అన్నారు.

మాలో ఒకడి బాబాయి అక్కడ టెంట్ల దగ్గర రాత్రి కాపలా. ఆయన్నే రేట్లు కనుక్కోమన్నాం. నలుగురికి ఒక టెంటు, రాత్రికి 2,500. మేము 38 మందిమి, అంటే పది టెంట్లు, పాతికవేలు. భోజనం వేరే. బాబాయి నవ్వాడు. "ఒరే, సీజన్లో శనాదివారాలు నాకే నడుం వాల్చడానికి చోటుండదు, మీకెక్కడ తెస్తాన్రా?" అన్నాడు.

ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం ఉంది. 1970లో వచ్చింది. దాని మీద మనం ఎన్ని పేజీలు రాసుకున్నాం! తీరా మన 38 మందిమి మన కొండ మీద ఒక్క రాత్రి పడుకోవాలంటే చోటు దొరకలేదు. చట్టంలో భూమి సంగతి ఉంది గానీ సీజన్ రేటు సంగతి లేదు కదా.

వదిలేద్దాం అనుకుంటుండగా, అక్కడికి కొంచెం లోపలున్న ఒక ఊరి కుర్రాళ్ళు మా ఊరు రండి అన్నారు. ఊరి పేరు రాయొద్దన్నారు, రాస్తే వచ్చే ఆదివారానికి కార్లు దిగుతాయట. అందుకే రాయడం లేదు. ఊరి పెద్దలతో మాట్లాడటానికి మా అయిదుగురం ముందుగా వెళ్ళాం. సామాజిక భవనం తాళం ఇస్తామన్నారు, కట్టెలు మావే అన్నారు, అద్దె వద్దన్నారు. ఒక పెద్దాయన మాత్రం షరతు పెట్టాడు. "మా కొండ గురించి మీరు ఏటేటో రాస్తారట కదా. అవి మాకు చదివి వినిపించండి."

ఓస్ అంతేనా అనుకుని సరే అన్నాం.

తర్వాత అసలు పని మొదలైంది. మనిషికి 150 రూపాయలు, కిలో బియ్యం, ఒక దుప్పటి అన్నాం. ఆడపిల్లలు 14 మంది పేర్లు ఇచ్చారు గానీ సగం మంది ఇళ్ళల్లో ఒప్పుకోలేదు. రెండు రోజులు, పైగా రాత్రి ఉండాలి, ఎవరు పంపిస్తారు? చివరికి ఇద్దరి అమ్మలు "మేమూ వస్తాం, అప్పుడు పంపిస్తారు" అని బయల్దేరారు. వాళ్ళు లేకపోతే ఈ కూడిక మగపిల్లల కూడికగానే మిగిలేది. తీరా వచ్చాక పొయ్యి వాళ్ళ మీదే పడబోయింది. మొదటి పూటే ఆపి, మగపిల్లలకి వంతులు వేశాం. ఆ రాత్రి అన్నం మాడింది. అయినా అదే తిన్నాం.

పగలు అనుకున్నవి అనుకున్నట్టే జరిగాయి. కువి మాట్లాడే తమ్ముళ్ళు తమ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాస్తే ఏ శబ్దాలు తప్పిపోతున్నాయో చెప్పారు. ఆదివాసీ ఒడియా ఇంట్లో మాట్లాడే ఒక అక్క, తను తెలుగులో రాసేటప్పుడు ముందు తలలో ఒకసారి అనువాదం చేసుకుంటానని, సగం అక్కడే పోతుందని చెప్పింది. తేదీలు ఎలా సరిచూసుకోవాలో చూశాం. చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి 1922 ఆగస్టు 22న జరిగింది. మనలోనే ముగ్గురం మూడు రకాలుగా రాశాం. ఆ మాట మీద ఘాట్ రోడ్డు సంగతి వచ్చింది. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు ఆ రోడ్డు వేసేటప్పుడే గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన వాళ్ళ చేత చాకిరీ చేయించి కూలి సరిగ్గా ఇవ్వలేదు. రంపలో తిరుగుబాటు రేగడానికి ఉన్న కారణాల్లో అదొకటి. అల్లూరి పేరు అందరికీ తెలుసు. గాం గంటం దొర, గాం మల్లు దొరల పేర్లు కొండ దిగితే ఎంతమందికి తెలుసు? ఇప్పుడు పొగమంచు చూడ్డానికి కార్లు ఎక్కేదీ ఆ దారినే.

సాయంత్రం నెగడు వేశాం. ఊరంతా వచ్చి కూర్చుంది. మాటిచ్చాం కాబట్టి ఒక్కొక్కరం లేచి చదవడం మొదలుపెట్టాం. పాటల గురించి రాసింది చదివితే నవ్వారు, ఒకచోట మాట తప్పని సరిచేశారు. కాఫీ గింజల దళారుల గురించి చదివితే "ఇంకా రాయి, ఇంకా ఉంది" అన్నారు. మాకు ఉత్సాహం వచ్చింది. అప్పుడు మా అయిదుగురిలో ఒకరం, మన అందరి మెప్పూ పొందిన రాత తీశాం. గెడ్డ నుంచి నీళ్ళు మోసే ఆడవాళ్ళ మీద రాసింది అది. చిరిగిన చీర, పగిలిన పాదాలు, ఎండిన కళ్ళు, అన్నీ ఉన్నాయి అందులో. దానికి పెట్టిన ఫొటో ఆ చుట్టుపక్కల దారిలో తీసిందే.

చదవడం అయ్యాక ఎవరూ మాట్లాడలేదు. ఒక అవ్వ లేచింది. "ఏటిరా బాబూ, ఆ ఫొటోలో ఉన్నది నేనే కదేటి?" అంది.

అవును, ఆమే. తీసేముందు అడగలేదు. రాసేముందు ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదు.

అవ్వ కోప్పడలేదు. "నీళ్ళు మొయ్యడం కష్టమే నాన్నా. నడుం పోతాది. గానీ మేం ఏడ్చుకుంటా ఎల్లినామని నీకెవరు చెప్పినారు? పైపు కోసం ఎన్నిసార్లు ఆఫీసుకి దిగినామో, ఎంతమంది ఆడోళ్ళం గుమ్మం కాడ కూకున్నామో అది రాయలేదేటి?" అంది. పక్కనున్న ఆడవాళ్ళు అందుకున్నారు. నాలుగుసార్లు దిగారట. మూడుసార్లు సంతకాలు తీసుకుని పంపేశారట. నాలుగోసారి కదలకుండా కూర్చుంటే, ఊరికి సగం వరకూ పైపు వచ్చిందట. మిగతా సగం ఇంకా రాలేదు.

రాసినవారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మాకందరికీ అంతే. ఎందుకంటే అలాంటి రాత మా ప్రతి ఒక్కరి దగ్గరా ఒకటి ఉంది. ఆ రాత్రి చలికి ఎలాగూ నిద్ర పట్టలేదు, అదే మాట్లాడుకున్నాం. కారు దిగి, పొగమంచునీ, దారిన పోయే ముసలమ్మనీ ఫొటో తీసుకుని వెళ్ళిపోయే వాళ్ళని మనం ఎంత తిట్టుకుంటాం! మనం చేసిందీ అదే. మన అమ్మల్నే కొత్తవాళ్ళలా చూశాం. కాలేజీకి వచ్చాక మన గురించి ఎలా రాస్తే చదివేవాళ్ళు అయ్యో అంటారో మనకి తెలిసిపోయింది. అలాగే రాయడం అలవాటైంది. ఆఫీసు గుమ్మంలో కూర్చున్న ఆడవాళ్ళు అందులోకి రాలేదు. మనం అడిగితే కదా వాళ్ళు చెప్పేది.

తెల్లారి అందరం ఒప్పుకున్నవి ఇవి. ఫొటో తీసేముందు అడగాలి, వద్దంటే తీయకూడదు. ఒక ఊరి గురించి రాస్తే ముందు ఆ ఊళ్ళో ఒకరికైనా చదివి వినిపించాలి. కష్టం రాస్తే, ఆ కష్టం మీద వాళ్ళు ఏం చేశారో కూడా అడిగి రాయాలి. మనలో కొందరికి ఇది నచ్చలేదు. ఊరి పెద్దలకి ఇష్టం లేని నిజాలు కూడా ఉంటాయి, ఆడపిల్లలు రాసేవి అసలే ఒప్పుకోరు, వాళ్ళ అనుమతి కోసం ఆగాలా అని ఒక అక్క గట్టిగా అడిగింది. న్యాయమైన మాటే. వినిపించాలి అన్నాం గానీ ఒప్పించాలి అనలేదు. అక్కడి దాకా వచ్చి ఆగాం. మిగతాది ఇంకా మాట్లాడుకోవాలి.

ఇక లెక్కలు. 38 మంది 150 చొప్పున 5,700. ఉద్యోగాలు చేస్తున్న అన్నలు కలిసి ఇచ్చింది 2,000. మొత్తం 7,700. జీపులకి 1,800, కూరగాయలు పప్పు నూనె కోళ్ళకి 3,450, జిరాక్సులకి 600, బల్బులు వైరుకి 400, వెళ్ళేముందు భవనం కడిగి సున్నం వేసినదానికి 250. ఖర్చు 6,500. మిగిలింది 1,200, మా దగ్గరే ఉంది. రసీదులు ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు.

వచ్చే కూడిక ఎవరి ఊళ్ళోనో మీరే చెప్పండి. సీజన్ అయినా పర్వాలేదు, చాపలు పరిచే చోటుంటే చాలు. ఈలోగా మా అయిదుగురికీ ఒక పనుంది. ఆ నీళ్ళ రాత మళ్ళీ రాస్తున్నాం, ఈసారి ఆ ఆడవాళ్ళని అడిగి. ఇటుకల పండక్కి వచ్చి చదువుతామని అవ్వకి మాటిచ్చాం. "పైపు మిగతా సగం వస్తే అదీ రాయాలి, రాకపోతే అదీ రాయాలి" అంది.