పనిలేనప్పుడు పిన్ను ఎక్కడ ఉండాలి?



చిన్న చిప్పులకు ప్రోగ్రాములు రాయడం నా జీవనోపాధి. చిప్పుకు పిన్నులనే సన్నని లోహపు కాళ్లుంటాయి. బావి మోటారు పెట్టెలో అటువంటి ఒక పిన్ను రిలేకు ఆజ్ఞ ఇస్తుంది. రిలే స్టార్టరును కదుపుతుంది. ఆ పిన్నును నడిపే ప్రోగ్రామును డ్రైవరు అంటాము.

మా నాన్నగారు రైతు. నా పని గురించి వివరిస్తే ఆయన ఒకే ప్రశ్న అడిగారు: "పని చేసేటప్పటి సంగతి సరే గాని, కరెంటు పోయి వచ్చినప్పుడు నీ పెట్టె ఏం చేస్తుందిరా? అప్పుడు మోటారు దగ్గర మనిషి ఉంటే?"

ఇందులో ఎంతో అర్థమున్నది. ఆర్డునో ఉనో బోర్డులోని ఏటీమెగా328పి చిప్పునే తీసుకోండి. కరెంటు రాగానే దాని పిన్నులు ఎవరికీ కట్టుబడకుండా ఉంటాయి. డ్రైవరు మేల్కొనేలోగా కొద్ది క్షణం గడుస్తుంది. ఆ క్షణంలో పిన్ను అటూ ఇటూ ఊగితే రిలే దానినే ఆజ్ఞగా తీసుకోవచ్చు.

వినే పిన్నుకూ ఇదే చిక్కు. 5 వోల్టుల మీద నడిచేటప్పుడు 1.5 వోల్టుల లోపు ఉంటే ఆ చిప్పు "లేదు" అని, 3 వోల్టులు దాటితే "ఉంది" అని చదువుతుంది. నడుమ ఉంటే ఏమని చదువుతుందో చెప్పలేము. స్విచ్చు తెరచి ఉన్నప్పుడు తీగ ఊరికే వేలాడితే, పక్కనున్న కరెంటు తీగ ప్రభావమే చాలు, లేని సంగతి ఉన్నట్టు కనబడటానికి.

గనుక మేము రెండు జాగ్రత్తలు తీసుకుంటాము. మొదటిది, రిలే పిన్నుకూ గ్రౌండుకూ మధ్య 10 కిలో ఓముల రెసిస్టరు పెట్టడం. డ్రైవరు నిద్రలో ఉన్నా అది పిన్నును సున్నా వద్ద పట్టి ఉంచుతుంది. రెండవది, డ్రైవరులో ముందుగా "ఆగి ఉండు" అనే విలువ రాసి, ఆ తరువాతే పిన్నును ఆజ్ఞ ఇచ్చే స్థితికి మార్చడం.

అయితే విశ్రాంతి అంటే అన్నిచోట్లా సున్నా కాదు. కొన్ని రిలే బోర్డులు సున్నా అందితేనే కదులుతాయి. వాటికి రెసిస్టరును 5 వోల్టుల వైపు కట్టాలి. అవతలి పరికరం ఏ స్థితిలో ఊరకుంటుందో తెలుసుకొనకుండా డ్రైవరు రాయరాదు.

ఎంత మంచి డ్రైవరైనా మనిషి జాగ్రత్తకు బదులు కాదు. మోటారుపై చెయ్యి వేసే ముందు మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి, మీ దగ్గరే ఉంచుకొనండి.