సున్న చుట్టడం రాని యంత్రం

మన లిపి గుండ్రనిదని మురిసిపోతాం గానీ, ఆ గుండ్రదనం ఖరీదెంతో నాకు ఒక చిన్న సీఎన్‌సీ రౌటర్ తెలియజెప్పింది. గీతలు తిన్ననివైతే యంత్రం తన లోపాలను దాచుకోగలదు. తెలుగు అక్షరంలో ఆ వీలు లేదు. ఎండీఎఫ్ ముక్క మీద ఒక్క సున్న చుట్టమన్నాను. పైన, కింద, కుడి, ఎడమ – సరిగ్గా నాలుగు చోట్ల నలిగింది. కదలిక దిక్కు మారేది అక్కడే మరి!

ఈ యంత్రాల నడక రోగాలు ముఖ్యంగా మూడు. కొలతలన్నీ ఒకే నిష్పత్తిలో పెరిగినా తరిగినా అది లెక్క తప్పు. చుట్టుకు 200 అడుగులు వేసే స్టెప్పర్ మోటారు, అడుగుకు 8 సూక్ష్మభాగాలు, చుట్టుకు 8 మిల్లీమీటర్లు జరిపే స్క్రూ – అంటే మిల్లీమీటరుకు 200 పల్సులు పడాలి. బొమ్మ హఠాత్తుగా పక్కకు జరిగి, ఆపైనదంతా అక్కడినుంచే సాగితే, మోటారు అడుగులు తప్పిందన్నమాట. వేగం పెరిగేకొద్దీ స్టెప్పర్ బలం సన్నగిల్లుతుంది కనుక వేగాన్నీ త్వరణాన్నీ తగ్గించి చూడాలి. పట్టాలు ఎక్కడైనా బిగుసుకున్నాయేమో వెదకాలి. దిక్కు మారినప్పుడు మాత్రమే బయటపడేది బ్యాక్‌లాష్. నేను దాన్ని 'సందు' అంటాను.

నాది మూడోది. డయల్ గేజి ఆనించి, ఒకే దిక్కున కొంత నడిపి, ముల్లును సున్న దగ్గర పెట్టి, 1 మిల్లీమీటరు వెనక్కి రమ్మంటే 0.82 మాత్రమే వచ్చింది. మిగతా 0.18 ఏమైనట్టు? మోటారు ఇరుసు మీదా కప్లింగు మీదా కలిసేలా మార్కరుతో ఒక గీత గీశాను. ముందుకూ వెనక్కూ నడుపుతుంటే గీత రెండుగా విరిగింది. గ్రబ్ స్క్రూ వదులు! బిగించాక 0.05 మిగిలింది, అది ఇత్తడి నట్టు అరుగుదల. స్ప్రింగు ఉన్న జంట నట్టు బిగిస్తే అదీ దాదాపు పోయింది.

సందును లెక్కలో సర్దే వీలు లినక్స్‌సీఎన్‌సీలో ఉంది, గ్రబుల్‌లో లేదు. ఉన్నా నేను వాడను. కొయ్యను కోసే ఒత్తిడికి ఆ సందులోనే బల్ల అటూ ఇటూ ఊగుతుంది. అంకెలు దాన్ని పట్టి ఆపలేవు.

ఇంతటి పట్టుదల ఎందుకంటారా? పడగొట్టిన మా పాత ఇంటి ద్వారబంధంలో మిగిలినది ఒకే టేకు ముక్క. దానిమీద నాన్నగారి చేతిరాతలో ఇంటిపేరు చెక్కాలి. చెడితే రెండోది లేదు. ఈ యంత్రానికేమో కళ్ళు లేవు. తాను పంపిన పల్సులనే నడిచిన దూరంగా నమ్ముతుంది. మోటారు ఆగిపోయినా తెరమీద అంకె మాత్రం ముందుకే సాగుతుంది.

అందుకే చూడవలసిన కళ్ళు మనవే. రంపపు పొడి నూనెతో కలిసి ముద్దకట్టకుండా స్క్రూలు తుడుస్తాను, కప్లింగు గీత చూస్తాను, ఏ పని మొదలుపెట్టినా ముందు పనికిరాని చెక్కమీద ఒక సున్న చుట్టిస్తాను. సున్న కుదిరితే తక్కిన వర్ణమాల కుదిరినట్టే.