గుంటల లెక్కకు మన సొంత కోడ్



పాసుపుస్తకంలో 1.30 అని ఉంటే ఎకరం ముప్పై గుంటలు. పక్క సర్వే నంబర్‌లో 1.20 ఉందనుకోండి. రెండూ ఫోన్ క్యాలిక్యులేటర్‌లో కూడితే 2.50 అంటది. మనకు 40 గుంటలకే ఎకరం. అసలు లెక్క 3 ఎకరాల 10 గుంటలు. 2.50ని రెండున్నర ఎకరాలు అనుకుని అన్నదమ్ములు పంచుకుంటే 30 గుంటలు గాయబ్! 2023 ఆగస్టులో మా కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్ల దాకా పలికింది. ఆ ధరకు 30 గుంటలంటే 75 కోట్ల పైమాటే.

అందుకే జావాస్క్రిప్ట్ నేర్చుకుంటూ ఓ చిన్న లైబ్రరీ రాస్తున్న. లైబ్రరీ అంటే పనిముట్ల పెట్టె అనుకోండి. ఇప్పటికి మూడు పనిముట్లున్నయ్: ఎకరాలను గుంటలు చేసేది, గుంటకు 121 చొప్పున గజాలు చేసేది, విస్తీర్ణాలు కూడేది. కూడేది ముందు అన్నిటినీ గుంటలు చేసి కలుపుతది, తర్వాత 40తో భాగిస్తది. భాగఫలం ఎకరాలు, శేషం గుంటలు.

ఒక చిక్కుంది. 1.30 ఇచ్చినా జావాస్క్రిప్ట్‌కు అది 1.3 మాత్రమే, చివరి సున్నా నిలవదు. కాబట్టి ఎకరాలు, గుంటలు వేరువేరుగా ఇవ్వాలె.

ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు, వాళ్లకు చుక్క లెక్క సరిపోతది. మన గుంటల లెక్క మిషన్‌కు మనమే నేర్పాలె. మీ పిల్లలు కోడింగ్ నేర్చుకుంటుంటే మొదటి పాఠంగా ఇదే ఇవ్వండి.