విప్పడం, బిగించడం

మా పెరటి కొట్టంలో పశువులు పోయి చాలా ఏళ్ళయింది. మిగిలింది నాన్న 1988లో కొన్న యెజ్డీ మోటారుసైకిలు ఒక్కటే. మైసూరులో దాన్ని చేసిన ఫ్యాక్టరీ 1996లోనే మూతబడింది. "తూకానికి అమ్మేద్దాం" అన్నాడు నాన్న. "నాకిచ్చెయ్ నాన్నా" అన్నాను. మడ్‌గార్డులు కోసి, పొడుగు హ్యాండిల్ బిగించి, నల్లరంగు కొట్టాలని నా సరదా.

వేసవి సెలవుల్లో పని మొదలెట్టాను. కార్బురేటర్ జెట్ నిండా జిగురు. రెండు సైలెన్సర్లలోనూ మసి. విప్పడం వచ్చింది గాని బిగించడం రాలేదు. రెండు సబ్జెక్టులు పోయాయని మూడు నెలలుగా నాతో మాట్లాడని నాన్న, ఓ రాత్రి టార్చిలైటుతో వచ్చి పక్కన కూర్చున్నాడు. పాయింట్ల గ్యాపు సరిచేశాడు. పెట్రోల్లో ఆయిల్ కలిపాడు. గేరు రాడ్డునే లోపలికి నొక్కి, పైకి తిప్పి, కిక్కు రాడ్డు చేసి ఒక్క తన్ను తన్నాడు. కొట్టమంతా పొగ!

ట్యాంకు మీది సొట్ట తీయించనా అనడిగాను.

"వద్దురా. నువ్వు పుట్టిన రాత్రి ఆస్పత్రికి వస్తూ పడ్డాను" అన్నాడు.

మడ్‌గార్డులు కొయ్యలేదు. సొట్ట మీదుగానే పాత ఎరుపు రంగు వేశాను. సబ్జెక్టులు మాత్రం ఇంకా బిగించాల్సి ఉంది, మిత్రులారా!